ఎంత దూరం పంపుదాం?

పదిహేనేళ్లకే హాస్టల్లో చేర్పిస్తాం. పద్దెనిమిదేళ్లకు రాష్ట్రం దాటించాలంటే వెనకాడతాం. కాలేజీ దూరాన్ని అసలు దేనితో కొలవాలి?

జూన్ నెలాఖరు. ఎంసెట్ ర్యాంకు వచ్చేసింది, జేఈఈ సంగతీ తేలిపోయింది. ఇక వెబ్ ఆప్షన్లు పెట్టాలి. ఈ రోజుల్లో ఏ తెలుగు ఇంటికి వెళ్లినా ఒకటే దృశ్యం. పిల్లవాడి ముందు ల్యాప్‌టాప్, నాన్న చేతిలో నిరుటి కటాఫ్‌ల ప్రింటవుట్లు, వంటింటి గుమ్మంలోంచి అమ్మ అడిగే ప్రశ్న: "అది ఎక్కడుంది?"

సిల్చర్ పేరు వినిపించగానే ఫోన్‌లో మ్యాప్ తెరుస్తారు. అస్సాంలో, బంగ్లాదేశ్ సరిహద్దుకు దగ్గర్లో కనిపిస్తుంది. "అమ్మో, అంత దూరమే!" అనగానే ఆ కాలేజీ జాబితాలో అట్టడుగుకు వెళ్లిపోతుంది. అదే వీధిలో మరో ఇంట్లో "ఎన్ఐటీ అంటే ఎన్ఐటీయే, ఎక్కడైతే ఏంటి" అని అదే పేరును పైకి లాగుతారు. అక్కడ తమ పిల్లవాడు చేరబోయే బ్రాంచి ఎలా ఉంది, పాఠాలు చెప్పేవాళ్లెవరు, ల్యాబులు నడుస్తున్నాయా, మొదటి ఏడాది పిల్లల్ని ఎలా చూసుకుంటారు అన్నవి మాత్రం రెండిళ్లలోనూ ఎవరూ అడగరు. ఒక ఇంట్లో భయం నిర్ణయిస్తుంది, మరో ఇంట్లో పేరు నిర్ణయిస్తుంది.

ఎన్ఐటీల్లో సగం సీట్లు సొంత రాష్ట్రం పిల్లలకు, మిగతా సగం ఇతర రాష్ట్రాలవారికి. తెలంగాణ విద్యార్థికి సొంత ఇల్లు వరంగల్, ఆంధ్ర విద్యార్థికి తాడేపల్లిగూడెం. అక్కడ కోరుకున్న బ్రాంచి అందకపోతే చూడాల్సింది ఇతర రాష్ట్రాల కోటాయే. ర్యాంకు బాగుంటే తిరుచ్చి, సురత్కల్, కాలికట్. అది తగ్గేకొద్దీ చాలామందికి మిగిలేవి అగర్తల, సిల్చర్, శ్రీనగర్ లాంటి చోట్లు. అంటే పిల్లలు ఎంత దూరం వెళ్లాలన్నది వాళ్ల ఇష్టంకన్నా పరీక్ష నాటి మూడు గంటల మీదే ఎక్కువగా ఆధారపడుతోంది. ఈ ప్రశ్నను ముందుగా ఇంట్లో మాట్లాడుకోని కుటుంబాలు ఆప్షన్ల గడువు రాత్రి కంగారులో తేల్చేస్తున్నాయి.

పదిహేనేళ్లకే గడప దాటారు

ఈ చర్చలో మనం దాటేసే విషయం ఒకటుంది. తెలుగు పిల్లల్లో చాలామంది ఇల్లు విడిచేది డిగ్రీకో ఇంజినీరింగ్‌కో కాదు, పదో తరగతి అయిన మర్నాడే. శ్రీకాకుళం పిల్లవాడు విజయవాడ జూనియర్ కాలేజీ హాస్టల్‌కు వస్తాడు. ఇంటికి దాదాపు 450 కిలోమీటర్లు. ఆదిలాబాద్ అమ్మాయి హైదరాబాద్ వస్తుంది. అప్పటికి వాళ్ల వయసు పదిహేను, మహా అయితే పదహారు.

ఆ హాస్టళ్ల గేటు దగ్గర ఆదివారం ఉదయం ఒక్క గంట నిలబడితే చాలు. సొంతూరి నుంచి రాత్రి బస్సెక్కి వచ్చిన అమ్మానాన్నలు చెట్టు కింద దుప్పటి పరిచి క్యారియర్ విప్పుతారు. ఒక గిన్నెలో పులిహోర, ఒక గిన్నెలో కోడికూర, అడుగున గడ్డ పెరుగు. పిల్లవాడు మాట్లాడకుండా గబగబా తింటాడు. అమ్మ తల నిమురుతూ బరువు తగ్గాడా అని చూస్తుంది. నాన్న మాత్రం వీకెండ్ టెస్టులో ఎన్ని మార్కులొచ్చాయని అడుగుతాడు. ఉతికిన బట్టల సంచీ పిల్లవాడికి, మాసిన బట్టల సంచీ అమ్మకు. అంతలోనే వాచ్‌మన్ టైమైపోయిందంటాడు.

తెల్లవారకముందే లేపి స్టడీ అవర్, రాత్రి పొద్దుపోయేదాకా స్టడీ అవర్. ఔటింగ్ నెలకోసారి. ఫోన్ వార్డెన్ దగ్గర. రెండేళ్లు ఇలా గడిపిన పిల్లవాడు ఇంటికి దూరంగా ఉన్నాడు నిజమే కానీ దూరంగా బతకడం నేర్చుకోలేదు. రైలు టికెట్ తనంతట తాను తీసుకోలేదు. బ్యాంకులో ఒక కాగితం నింపలేదు. జ్వరం వస్తే ఏ డాక్టరు దగ్గరకు వెళ్లాలో తానే తేల్చుకోవాల్సిన అవసరం రాలేదు. ఖాళీ సాయంత్రం చేతికొస్తే ఏం చేయాలో తెలియదు, ఎందుకంటే అలాంటి సాయంత్రమే అతనికి దొరకలేదు.

అలాంటి కుర్రాడు ఎన్ఐటీ మొదటి సెమిస్టర్‌లోకి అడుగుపెడతాడు. క్లాసుకు వచ్చావా అని అడిగే మనిషి ఉండడు. తిన్నావా అని అడిగేవాళ్లూ ఉండరు. రాత్రి రెండు వరకు గదిలో దీపం వెలుగుతూనే ఉంటుంది. చాలామంది నెల రోజుల్లో సర్దుకుంటారు. కొందరు సర్దుకోలేరు. అటెండెన్స్ పడిపోతుంది, తొలి సెమిస్టర్‌లోనే బ్యాక్‌లాగ్‌లు మొదలవుతాయి, ఇంటికి చెప్పడానికి నోరు రాదు. "రెండేళ్లు హాస్టల్లో ఉన్నవాడే కదా, అలవాటే" అనుకున్న తల్లిదండ్రులకు ఏం జరిగిందో అర్థం కాదు.

ప్రైవేటు జూనియర్ కాలేజీల్లో విద్యార్థుల ఆత్మహత్యల మీద నీరదారెడ్డి కమిటీ, తరవాత 2017లో చక్రపాణి కమిటీ పరిశీలించి సిఫార్సులు చేశాయి. కోచింగ్ కేంద్రాల్లో పదహారేళ్లు నిండనివారిని చేర్చుకోకూడదని కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో మార్గదర్శకాలిచ్చింది. పశ్చిమ బెంగాల్ నుంచి నీట్ శిక్షణ కోసం విశాఖ వచ్చిన పదిహేడేళ్ల విద్యార్థిని 2023 జులైలో మరణించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో తీర్పు చెబుతూ దేశంలోని విద్యాసంస్థలన్నింటికీ వర్తించే 15 మార్గదర్శకాలను ప్రకటించింది. వంద మంది, అంతకుమించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలర్ ఉండాలన్నది వాటిలో ఒకటి. ఇవన్నీ చూస్తే ఒకటే తోస్తుంది. పంపకూడని వయసులో పంపకూడనంత దూరం పంపుతున్నాం. తీరా రెక్కలొచ్చిన వయసులో, వెళ్లాల్సిన చోటికి వెళ్తామంటే ఆపుతున్నాం.

అయితే చిన్న వయసులో ఇల్లు విడిచిన ప్రతిసారీ నష్టమే అనలేం. అప్పటి నల్గొండ జిల్లా సర్వేల్‌లో 1971లో మొదలైన గురుకుల పాఠశాల ఎందరో పేదింటి పిల్లలకు దారి చూపింది. ఆర్‌జీయూకేటీని 2008లో పెట్టినప్పుడు బాసర, నూజివీడు, ఇడుపులపాయ క్యాంపస్‌లకు పదో తరగతి మార్కులతోనే గ్రామీణ పిల్లల్ని తీసుకున్నారు. ఊళ్లో మంచి ఇంటర్ చదువే లేని పిల్లకు ఆరేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సు అంటే మాటలు కాదు. కానీ అక్కడైనా భోజనం, వసతి, బోధన సరిగ్గా లేకపోతే ఏమవుతుందో 2022 జూన్‌లో బాసర విద్యార్థులు రోజుల తరబడి ఎండావానల్లో బైఠాయించి లోకానికి చెప్పారు. ఎంత దూరం పంపామన్నదానికంటే, ఆ దూరంలో పిల్లల బాధ్యత ఎవరు తీసుకుంటున్నారన్నదే ముఖ్యం.

నవోదయ విద్యాలయాల్లో ఒక మంచి పద్ధతి ఉంది. తొమ్మిదో తరగతిలో 30 శాతం మంది విద్యార్థులను హిందీ ప్రాంతాల నుంచి హిందీయేతర ప్రాంతాలకు, అక్కడివారిని ఇక్కడికి ఒక ఏడాదికి పంపుతారు. ఒంటరిగా కాదు, తోటి పిల్లలతో కలిసి. ఏడాది కాగానే తిరిగి వచ్చేస్తారు. కొత్త భాష, కొత్త తిండి, కొత్త వాతావరణం, కానీ బడి మాత్రం అదే. దూరానికి ఇంతకంటే మంచి రిహార్సల్ ఏముంటుంది!

మద్రాసు రైలు నుంచి బోస్టన్ ఓడ దాకా

చదువు కోసం ఊరు దాటడం మనకు కొత్త కాదు. ఉస్మానియా విశ్వవిద్యాలయం వచ్చింది 1918లో, ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో. అంతకుముందు కోస్తా, రాయలసీమ కుర్రాళ్లకు పెద్ద చదువంటే మద్రాసే. మచిలీపట్నం, రాజమహేంద్రి, గుంటూరు, విజయనగరాల్లో కాలేజీలున్నా వైద్యమో, ఇంజినీరింగో, న్యాయశాస్త్రమో చదవాలంటే ఆ పట్నం చేరాల్సిందే.

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు కథ తెలియనివారుండరు. రాజమహేంద్రి, ఆపై మద్రాసు హిందూ హైస్కూలు, మద్రాసు వైద్య కళాశాల. తరవాత 1923లో బోస్టన్. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ చారిటీస్ సాయం, మామగారి సాయం కలిస్తేగానీ ఆ ప్రయాణం సాగలేదు. క్యాన్సర్ చికిత్సలో నేటికీ వాడే మెథోట్రెక్సేట్ సహా ఎన్నో మందుల వెనక ఆయన కృషి ఉంది. 1948లో అమెరికాలోనే కన్నుమూశారు. బోస్టన్ వెళ్లాక మళ్లీ స్వదేశంలో అడుగుపెట్టలేదు. ఆయన ప్రతిభకు తగిన ప్రయోగశాల ఆ రోజుల్లో ఇక్కడ లేదు, అందుకే అంత దూరం వెళ్లారు. దానికి ఇక్కడ ఎదురుచూసిన ఇల్లు చెల్లించిన మూల్యం కూడా చిన్నదేమీ కాదు. దూరంలోని రెండు ముఖాలూ ఆ ఒక్క జీవితంలోనే కనిపిస్తాయి.

ఇష్టంతో కాక, తప్పనిసరై వెళ్లినవాళ్లూ ఉన్నారు. 1938లో వందేమాతరం పాడినందుకు ఉస్మానియా నుంచి బహిష్కృతులైన విద్యార్థులకు నాగపూర్ విశ్వవిద్యాలయం తలుపులు తెరిచింది. పి.వి. నరసింహారావు న్యాయశాస్త్రం చదివింది అక్కడే. తెలంగాణలో ఆ తరం నాయకుల పరిచయాల్లో, భాషల్లో, ఆలోచనల్లో నాగపూర్ ముద్ర ఉండటానికి కారణం ఆ బహిష్కరణే.

ఇంకొకరి కథ ఈ కథనానికి మరీ దగ్గరిది. రాజమహేంద్రిలో పుట్టిన దుర్గాబాయి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బీఏ చదువుతానంటే, మహిళలకు వసతిగృహం లేదన్న అడ్డంకి ఎదురైంది. ఆమె వెనక్కి తగ్గలేదు. చదవాలనుకునే అమ్మాయిలు తనను సంప్రదించాలని పత్రికలో ప్రకటన ఇచ్చారు. ముందుకొచ్చిన కొద్దిమందితో కలిసి తామే ఒక వసతి ఏర్పాటు చేసుకుని చదువు సాగించారు. తరవాత రాజ్యాంగ సభలో కూర్చున్న దుర్గాబాయి దేశ్‌ముఖ్‌కు చదువుకు అడ్డం వచ్చినది కిలోమీటర్లు కాదు, తలదాచుకునే గది.

ఆడపిల్లకు వేరే కొలత

అది దాదాపు తొంభై ఏళ్ల కిందటి మాట. ఇవాళ దేశంలో ఉన్నత విద్యలో ఉన్న 4.33 కోట్ల మందిలో 2.07 కోట్ల మంది అమ్మాయిలేనని 2021–22 నాటి కేంద్ర సర్వే చెబుతోంది. తరగతి గదిలో అంతరం దాదాపు చెరిగిపోయింది. ఇంట్లో మాత్రం కొలత ఇంకా రెండు రకాలే. కొడుక్కి ర్యాంకు చూస్తారు, కూతురికి దూరం చూస్తారు. అన్న సురత్కల్ వెళ్లిన ఇంట్లోనే అంతకంటే మంచి ర్యాంకు తెచ్చుకున్న చెల్లెలు కాలేజీ బస్సు వచ్చే చోట చేరుతుంది.

తల్లిదండ్రుల భయం ఊరికే పుట్టింది కాదు. దాని మూల్యం ఎంతో ఢిల్లీలో ఒకరు లెక్కగట్టి చూపించారు. ఆర్థికవేత్త గిరిజా బోర్కర్ ఢిల్లీ విశ్వవిద్యాలయంలో సుమారు 4,000 మంది విద్యార్థులను అధ్యయనం చేశారు. వేధింపుల భయం తక్కువగా ఉండే దారి కోసం అమ్మాయిలు తమ మార్కులకు దొరికే మంచి కాలేజీని వదులుకుని, స్థాయి తక్కువైన కాలేజీని ఎంచుకుంటున్నారని తేలింది. అబ్బాయిలు ఆ స్థాయిలో వదులుకోవడం లేదు. ఇదంతా ఒకే నగరంలో, రోజూ ఇంటికి వచ్చే దూరంలోనే.

దారి మారితే ఏమవుతుందో బిహార్ చూపించింది. అక్కడి ప్రభుత్వం 2006లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్లిచ్చింది. ఉన్నత పాఠశాలలో చేరే ఆడపిల్లల సంఖ్య 32 శాతం పెరిగిందని కార్తీక్ మురళీధరన్, నిశీత్ ప్రకాశ్ అధ్యయనం తేల్చింది. బడి మూడు కిలోమీటర్లకు పైగా దూరమున్న ఊళ్లలోనే ఆ మేలు ఎక్కువ. ఆ ఊళ్లలో కొత్త బళ్లు కట్టకుండానే, చేతికొచ్చిన సైకిలుతో ఆ దూరం చిన్నదైపోయింది.

ఐఐటీల్లో అమ్మాయిల వాటా పెంచేందుకు 2018 నుంచి అదనపు సీట్లు సృష్టించి, రెండేళ్లలో 20 శాతానికి తెచ్చారు. సీటు ప్రభుత్వం ఇవ్వగలదు. రైలెక్కడానికి అనుమతి ఇంట్లోనే రావాలి. కూతురి విషయంలో అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. హాస్టల్ క్యాంపస్ లోపలా, బయటా? స్టేషన్ నుంచి రాత్రివేళ క్యాంపస్‌కు ఎలా చేరాలి? ఫిర్యాదుల కమిటీ ఉందా, అందులో ఎవరున్నారు? వీటికి సరైన జవాబు లేని కాలేజీకి కొడుకునూ పంపకూడదు. జవాబు ఉన్న కాలేజీ వెయ్యి కిలోమీటర్ల దూరంలో ఉన్నా కూతుర్ని ఆపకూడదు.

ఇంకో విచిత్రమూ మన ఇళ్లలోనే ఉంది. పద్దెనిమిదేళ్ల వయసులో వరంగల్ పంపడానికి సందేహించిన తండ్రే, నాలుగేళ్ల తరవాత అప్పు చేసి మరీ అమెరికా విమానం ఎక్కిస్తున్నాడు. 2023–24లో అమెరికాలో చదువుతున్న భారతీయులు 3,31,602 మంది. చైనాను దాటి మన దేశం మొదటి స్థానానికి చేరిన ఏడాది అది. వాళ్లలో తెలుగువాళ్ల సంఖ్య తక్కువేమీ కాదని డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఏ కిరాణా కొట్టుకు వెళ్లినా తెలుస్తుంది. అప్పటిదాకా ఒంటరిగా ఒక ఊరు కూడా వెళ్లని పిల్లకు తొలి దూరమే ఖండాంతరం కావడం ఆమెకు న్యాయం కాదు. డిగ్రీ నాలుగేళ్లూ రాష్ట్రానికి ఆ చివరో, పక్క రాష్ట్రంలోనో ఉండి వచ్చిన పిల్లకు ఆ ప్రయాణం ఎంతో తేలిక.

ఒక రాత్రి ప్రయాణం

మరి ఎంత దూరం సమంజసం? అనుభవం ఉన్న తల్లిదండ్రులు, హాస్టళ్లలో పిల్లల్ని చూసుకునే అధ్యాపకులు పదేపదే చెప్పే కొలత ఒకటుంది. ఇంటి నుంచి ఒక రాత్రి ప్రయాణం. సాయంత్రం విశాఖలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేసరికి సికింద్రాబాద్. హైదరాబాద్‌లో నారాయణాద్రి ఎక్కితే పొద్దున్నే తిరుపతి. చెన్నై, బెంగళూరు, వెల్లూరు, భువనేశ్వర్, నాగపూర్ చాలా తెలుగు ఊళ్లకు ఈ కొలతలోనే ఉన్నాయి.

ఇందులో లోతైన తర్కం ఉంది. ఒక రాత్రి దూరంలో ఉన్న పిల్లవాడు వారం వారం ఇంటికి రాలేడు. బట్టలు తానే ఉతుక్కోవాలి, మెస్‌లో పెట్టింది తినాలి, ఆదివారం తానే గడుపుకోవాలి. కానీ నిజంగా కష్టం వస్తే, టైఫాయిడ్ వచ్చినా, తాతయ్య పోయినా, మనసు బాగాలేకపోయినా, జనరల్ బోగీలో నిలబడైనా తెల్లారేసరికి ఇల్లు చేరతాడు. అమ్మానాన్నలూ అంతే. సెలవు పెట్టి విమానం టికెట్ల కోసం వెతుక్కోనక్కర్లేదు, ఆ రాత్రే బయల్దేరతారు.

దీన్ని దాటాక దూరం లెక్క మారిపోతుంది. హైదరాబాద్ నుంచి తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీ ఒక పగలు, ఒక రాత్రి. సికింద్రాబాద్ నుంచి గువాహటికే రెండు రోజులు, సిల్చర్ ఇంకా ముందుకు. 2024 నవంబరు నుంచి రైల్వే ముందస్తు రిజర్వేషన్ 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గింది. సెమిస్టర్ పరీక్షల తేదీలు తేలేసరికి వెయిటింగ్ లిస్టు వందలు దాటుతుంది. మరో చేదు నిజం సంక్రాంతి. ఐఐటీ, ఎన్ఐటీల శీతాకాలపు సెలవులు డిసెంబరులో మొదలై జనవరి మొదట్లోనే ముగుస్తాయి. దూరాన ఉన్న పిల్లలకు నాలుగేళ్లూ భోగి మంట ఫోన్ తెర మీదే.

మన దగ్గరికి వచ్చిన చదువులు కూడా ఈ లెక్కను మార్చాయి. 2008లో హైదరాబాద్ ఐఐటీ వచ్చేదాకా తెలుగు నేల మీద ఐఐటీయే లేదు, దగ్గరిది మద్రాసే. విభజన చట్టం తరవాత 2015లో తిరుపతి ఐఐటీ, తిరుపతి ఐసర్, విశాఖ ఐఐఎం, తాడేపల్లిగూడెం ఎన్ఐటీ మొదలయ్యాయి. తెలుగు పిల్లలు గుంపులుగా వెళ్లే వెల్లూరు, చెన్నైల ప్రైవేటు విశ్వవిద్యాలయాలే 2017లో అమరావతికి వచ్చాయి. తెలంగాణ ప్రతి జిల్లాలోనూ ప్రభుత్వ వైద్య కళాశాల పెట్టింది. 2023లో ఆంధ్రప్రదేశ్‌లో విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాలల్లో ఒకేసారి ఐదు మొదలయ్యాయి. ఇంటికి దగ్గర్లో చదవడమంటే రాజీపడటమే అన్న మాట ఇప్పుడు చెల్లదు.

దగ్గరైనవి కొన్నయితే దూరమైనవీ ఉన్నాయి. విభజన చట్టం ప్రకారం రెండు రాష్ట్రాల ఉమ్మడి ప్రవేశాల గడువు పదేళ్లు. అది 2024 జూన్ 2తో ముగిసింది. విజయవాడ నుంచి దాదాపు 275 కిలోమీటర్ల హైదరాబాద్ పటంలో కదల్లేదు కానీ, అక్కడి రాష్ట్ర కాలేజీల్లో కన్వీనర్ సీటు ఆంధ్ర విద్యార్థికి అందని పండైంది.

ఎక్కువ దూరం ఎప్పుడు తగినదంటే

ఒక రాత్రి దాటి వెళ్లాలంటే, అక్కడ ఉన్నది ఇక్కడ లేదని చెప్పగలగాలి. ఆ మాట నోటితో చెప్పగలిగితే వెళ్లాలి, వెళ్లనివ్వాలి.

కోల్‌కతా భారతీయ గణాంక సంస్థలో గణాంకశాస్త్రం చదవాలనుకునే పిల్ల విషయంలో దూరం అడ్డం రాకూడదు. అహ్మదాబాద్ ఎన్ఐడీలో డిజైన్, పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో సినిమా, బెంగళూరు ఐఐఎస్సీలో పరిశోధన వైపు వెళ్లే డిగ్రీ, ఇవన్నీ ఆ కోవలోవే. 2022లో కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు సీయూఈటీ ప్రవేశ పరీక్ష వచ్చాక చరిత్రో ఆర్థికశాస్త్రమో చదవాలనుకునే తెలుగు పిల్లకు ఢిల్లీ దారి తేటపడింది. సత్య నాదెళ్ల హైదరాబాద్ విడిచి మణిపాల్‌లో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ చదివారు. కాటూరు పల్లెలో పుట్టిన రాజ్‌రెడ్డి గిండీ, సిడ్నీ దాటి స్టాన్‌ఫర్డ్ చేరి, 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్నారు. కంప్యూటర్‌కు మాట నేర్పే విద్య అప్పట్లో రూపుదిద్దుకుంటున్న చోటు అది.

తగనిది ఎప్పుడంటే, అదే సిలబస్, అదే బ్రాంచి, అంతే స్థాయి కాలేజీకి రాష్ట్రం దాటి రెట్టింపు ఫీజు కట్టి పంపినప్పుడు. ఇక్కడ కన్వీనర్ కోటాలో దొరికే ఫీజు రీయింబర్స్‌మెంట్ సాధారణంగా రాష్ట్రం దాటిన ప్రైవేటు కాలేజీకి రాదు. దానికి మెస్ బిల్లు, ఏడాదికి రెండు మూడు రాకపోకలు, అర్ధంతరంగా తీసిన విమానం టికెట్టు కలపాలి. ఈ లెక్క చాలా ఇళ్లలో మూడో ఏడాదిగానీ తెలియదు, అప్పటికి పొలం మీద అప్పు ఉంటుంది.

ఐఐటీలు, ఎన్ఐటీల లెక్క వేరు. కుటుంబ ఆదాయం ఏడాదికి లక్ష లోపైతే ట్యూషన్ ఫీజు పూర్తిగా మాఫీ, ఐదు లక్షల లోపైతే మూడింట రెండొంతులు మాఫీ. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు పూర్తి మాఫీ. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి కింద ఎంపిక చేసిన సంస్థల్లో సీటు వస్తే తాకట్టు, హామీదారు లేకుండా బ్యాంకు రుణం దొరుకుతుంది. డబ్బు లేదని అగర్తల సీటు వదులుకునే ముందు ఈ లెక్క చూడాలి. అదే డబ్బు ఉందని ఏదో ఒక రాష్ట్రంలో పేరుకు మాత్రమే పెద్దదైన కాలేజీలో చేర్చే ముందూ ఇదే లెక్క చూడాలి.

ఇక వైద్యం. ఇక్కడ ప్రభుత్వ సీటు రాక, ప్రైవేటు ఫీజు భరించలేక వేలాది కుటుంబాలు ఫిలిప్పీన్స్, కిర్గిజిస్థాన్, జార్జియా దారి పట్టాయి. అది కోరి ఎంచుకున్న దూరం కాదు, సీట్ల కొరత నెట్టిన దూరం. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ మీద బాంబులు పడ్డప్పుడు ఆపరేషన్ గంగ కింద ఇరవై వేల మందికి పైగా భారతీయులను వెనక్కి తెచ్చారు. వాళ్లలో అత్యధికులు ఎంబీబీఎస్ పిల్లలే. మెట్రో స్టేషన్ల అడుగున తలదాచుకుని ఫోన్ చేసిన పిల్లల గొంతు విన్న ఇళ్లు మన జిల్లాల్లో ఎన్నో.

దేశం లోపలైనా అలాంటి రోజులొచ్చాయి. 2023 మేలో మణిపుర్ తగలబడినప్పుడు ఇంఫాల్ నుంచి మన పిల్లల్ని రెండు తెలుగు ప్రభుత్వాలూ ప్రత్యేక విమానాల్లో తెచ్చాయి. 2025 మేలో సరిహద్దులు వేడెక్కినప్పుడు పంజాబ్, కశ్మీర్‌ల నుంచి వచ్చిన విద్యార్థులకు ఢిల్లీలోని ఆంధ్రభవన్, తెలంగాణ భవన్ ఆశ్రయమిచ్చాయి. భయపెట్టడానికి చెబుతున్నది కాదిది. అంత దూరం పంపేటప్పుడు పిల్లల చేతిలో అత్యవసర డబ్బు, రెండు దారుల్లో తిరిగొచ్చే తీరు, ఆ ఊళ్లో ఒక తెలిసిన మనిషి ఫోన్ నంబరు ఉండాలని చెప్పడానికి.

పంపాక

దూరం పంపాక ఇంటి పని అయిపోదు, మారుతుంది. రోజుకు మూడుసార్లు వీడియో కాల్ చేసి "తిన్నావా, చదివావా, ఎవరితో ఉన్నావు" అని అడిగే తల్లిదండ్రులు పిల్లవాణ్ని హాస్టల్‌కు పంపినా తమ పిడికిలి వదల్లేదన్నమాటే. అసలు మాట్లాడకపోవడమూ అంతే చేటు. సాయంత్రం ఒక్కసారి, మార్కుల ఊసు లేకుండా, పది నిమిషాలు మాట్లాడితే చాలు. సీసాలో ఆవకాయ, కందిపొడి, నెయ్యి పంపండి. రూమ్మేట్లకూ కలిపి పంపండి, స్నేహాలు అక్కడే మొదలవుతాయి.

మాటలో తేడా గమనించండి. తెల్లవారుజామున పెట్టిన మెసేజీలు, సెలవులకు రానని చెప్పే సాకులు, ఫోన్ ఎత్తకపోవడం చిన్న విషయాలు కావు. ఉన్నత విద్యాసంస్థల్లో విద్యార్థుల ఆత్మహత్యలను అరికట్టే మార్గాలు సూచించడానికి సుప్రీంకోర్టు 2025 మార్చిలో విశ్రాంత న్యాయమూర్తి రవీంద్ర భట్ అధ్యక్షతన జాతీయ టాస్క్‌ఫోర్స్‌ను నియమించింది. ఆ నివేదికలు అమలయ్యేదాకా ఆగాల్సిన పనిలేదు. కేంద్రం 2022 నుంచి నడుపుతున్న టెలీ మానస్ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరు 14416 ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడుతుంది. ర్యాగింగ్ జరిగితే యూజీసీ హెల్ప్‌లైన్ 1800-180-5522. ఈ రెండు నంబర్లూ ప్రయాణం రోజునే పిల్లల ఫోన్లో వేసి పంపాలి. పరీక్ష తప్పినా, కాలేజీ నచ్చకపోయినా, మధ్యలో వదిలేసి వచ్చినా ఇల్లు ఇల్లుగానే ఉంటుందని నోరు తెరిచి చెప్పి పంపాలి.

ఈసారి ఆప్షన్లు పెట్టబోయే ఇళ్లకు ఒక్క మనవి. మొదటి మూడు కాలేజీల్లో ఒకదానికైనా పిల్లతోనో పిల్లవాడితోనో కలిసి ముందే వెళ్లి రండి, వీలైతే రైల్లో. టికెట్ పిల్లల చేతే తీయించండి. మెస్‌లో ఒక పూట తినండి. మొదటి ఏడాది పిల్లలు నలుగురితో మీవాళ్లను విడిగా మాట్లాడనివ్వండి, మీరు పక్కకు తప్పుకోండి. కొడుక్కి గీసిన గీతనే కూతురికీ గీయండి. తిరుగు ప్రయాణంలో "ఇక్కడ ఉండగలవా" అని అడిగి, జవాబు పూర్తిగా విన్నాకే ఆప్షన్లు లాక్ చేయండి.